కుమ్మరి పురుగుకి మట్టెందుకు అంటదు?

ఒకప్పుడు కుమ్మరి పురుగు ఒంటినిండా మట్టే ఉండేది. మీసాలకి మట్టి, కాళ్లకి మట్టి, వీపంతా మట్టి. నమ్మరా? నమ్మకపోతే పోనీండి, కథ మాత్రం వినండి.

మడుగు పక్కన కూర్చుని అది కుండలు చేసేది. మంచి కుండలే, అబద్ధమెందుకు! కానీ ఒకరోజు ఓ గోరింక అటుగా పోతూ "అబ్బ, ఏం కళ!" అంది. అంతే, మనవాడికి కొమ్ములొచ్చాయి. "కుమ్మరీ" అంటే ఇక పలకదు. "కళాకారుడుగారూ" అనాలి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు ఇంకిపోతోంది. బోదురుకప్ప గెంతుకుంటూ వచ్చింది.

"కళాకారుడన్నా! నా పిల్లలకి ఇంకా తోకలు ఊడలేదు, కాళ్లు రాలేదు. నీళ్లు అయిపోతే చచ్చిపోతారు. ఒక్క కుండ చేసిపెట్టు. వాన పడేదాకా అందులో దాచుకుంటాను."

"చేస్తాగానీ చెల్లెమ్మా, ముందు ప్రేరణ రావాలి."

"అదెక్కడుంటుందన్నా? నేను వెళ్లి పిలుచుకు రానా?" అంది పాపం కప్ప.

పురుగు ప్రేరణ వెతుక్కుంటూ బయల్దేరింది. తామరపువ్వు ముందు కూర్చుని నిట్టూర్చింది. నత్తగుల్ల వంపు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. కొంగ మెడ చూస్తూ అన్నం కూడా మరిచిపోయింది. కాదులెండి, అన్నం మాత్రం మరవలేదు. ఇక్కడ మడుగు దోసెడు నీళ్లకి వచ్చేసింది.

ఆఖరికి వచ్చి ఇంత మట్టిముద్ద సారె మీద పడేసి తిప్పబోయింది.

"ఆగాగు," అంది మట్టి. "నన్ను తొక్కలేదు, పిసకలేదు. నా కడుపులో సున్నపురాయి ఉంది. అది ఏరకుండా కాలిస్తే పగిలిపోతాను."

"నోర్మూసుకో! వట్టి మట్టివి నువ్వు. కుండంతా నా తలలో ఉంది."

"అలాగా? మరి నీళ్లు కూడా నీ తలలోనే పోస్తావా?"

పురుగుకి ఒళ్లు మండింది. పైగా మట్టి తొక్కితే కళాకారుల కాళ్లు నొప్పులు పుడతాయి కదా! గబగబా కుండ చేసి, ఆరబెట్టి, ఆవంలో పెట్టి కాల్చేసింది.

ఆ కుండ సోకు చూడాలి! మూతి తామరపువ్వు, మెడ కొంగమెడ, పొట్ట నత్తగుల్ల. గోరింకలు "ఆహా" అన్నాయి. కాకులు "ఓహో" అన్నాయి. ఆ సన్నటి మెడలోంచి నీళ్లూ పిల్లల్నీ లోపలికి దించేసరికి కప్పకి తలప్రాణం తోకకొచ్చింది.

టప్! కుండ పొట్ట పగిలింది. నీళ్లు నేలపాలయ్యాయి. పిల్లలు ఎండలో గిలగిలా కొట్టుకున్నారు.

"అన్నా, నా పిల్లలు పోతున్నారు!" అని కప్ప గొల్లుమంది.

పురుగు వంగి ఆ పగులు చూసింది. "ఇది పగులు కాదు చెల్లెమ్మా, భావం! ఆ మెడ చూడు, మెడ. ఒక్క గీటు పడిందేమో చూడు."

ఆ మాటకి మట్టికి కడుపు రగిలిపోయింది. మడుగు అడుగున ఉన్న మట్టంతా ఒక్కసారిగా కదిలింది. దోసిలిలా వంగి, పారిపోతున్న నీళ్లని పట్టుకుంది. పిల్లల్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఏడవకు తల్లీ," అంది కప్పతో. "వాన పడేదాకా నేను చూసుకుంటా. నాకు ఏ ప్రేరణా అక్కర్లేదు."

తర్వాత పురుగు వైపు తిరిగింది. "తామర దగ్గర నిట్టూర్చావు, నత్త దగ్గర ఏడ్చావు. రోజూ నీ చేతిలో ఉన్న నన్ను మాత్రం నోర్మూసుకోమన్నావు. పో! నాలో పడి పొర్లినా సరే, ఇక నిన్ను అంటను."

అంతే, పురుగు ఒంటిమీది మట్టంతా జలజలా రాలిపోయింది. మళ్లీ ముద్ద పట్టుకుందామంటే కాలికి అంటితేగా! ఒక్క మూకుడు కూడా చేయలేకపోయింది.

అప్పటినుంచే కుమ్మరి పురుగు బురదలోనే బతుకుతున్నా ఒంటికి రవ్వంత మట్టి అంటదు. వీపు నిగనిగలాడుతుంటుంది. సిగ్గుపడుతోందనుకున్నారా? అబ్బే! "చూశారా, నా ఒంటికి మట్టే అంటదు!" అని ఈరోజుకీ గొప్పలు పోతోంది. గోరింకలు కూడా ఇంకా "ఆహా" అంటూనే ఉన్నాయి.