ధైర్యమాత రేవు

గోదావరి పాయల్లో ఒకటి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవులకూ ఇసుక తిన్నెలకూ నడుమ, పూర్వం దొరల ఏలుబడి నాటికే శంఖుపాలెం అనే చిన్న బెస్తపల్లె ఉండేది. ఆ పల్లెవారు తాతల కాలంలోనే జ్ఞానస్నానం పొంది యేసునాథస్వామిని నమ్ముకున్నవారు. వేటకు బయలుదేరే ముందు పడవ అంచు మీద సిలువ గుర్తు వేసి, యేసుతల్లి దేవమాతకు మంగళవార్త జపం చెప్పుకొని గాని తెడ్డు పట్టేవారు కారు. ఆ పల్లె రేవుకు ధైర్యమాత రేవు అనే పేరు ఎలా వచ్చిందో, నేటికీ దూరదేశాల నుంచి భక్తులు అక్కడికి ఎందుకు వస్తున్నారో, పెద్దల నోట విన్న క్రమంలోనే మనవి చేస్తాను.

ఒక ఏడాది వానాకాలం చివర, వేట ముగించుకొని వస్తున్న పెద్దపడవ ఒకటి హఠాత్తుగా లేచిన గాలివానకు మొగలోనే తిరగబడింది. అందులో ఉన్న వారెవరూ ఒడ్డు చేరలేదు. వారిలో పల్లెకు పెద్ద, చుక్కాని పట్టడంలో ఆ తీరానికే పేరెన్నికగన్న రాయప్ప కొడుకు ఇన్నయ్య కూడా ఉన్నాడు. రాయప్ప ఆ మర్నాడే తన పడవ చుక్కానిని ఊడదీసి ఇంటి అటక మీద పడేశాడు. అది చూసిన తక్కినవారు కూడా తమ పడవలను గట్టు మీదికి ఈడ్చి వదిలేశారు. అప్పటి నుంచి ఎవరూ మొగ దాటలేదు. మడ బురదలో పీతలు ఏరుకొని అర్ధాకలితో కాలం గడిపారు. కొన్ని కుటుంబాలు రంగూను ఓడ ఎక్కిపోయాయి. ఉన్నవాళ్లు ప్రతి సాయంకాలం తాటాకుల గుడిలో జపమాల చెప్పుకుంటూనే ఉన్నారు గాని, జపం ముగిశాక సముద్రం వైపు కన్నెత్తి చూసే సాహసం ఎవరికీ లేకపోయింది.

ఇన్నయ్య భార్య శౌరమ్మ మెట్ట ప్రాంతపు పిల్ల. ఈత రాదు, తెడ్డు పట్టడం తెలియదు. స్వభావరీత్యా కూడా ఆమె ధైర్యవంతురాలు కాదు. కాళ్ల దగ్గర కప్ప ఎగిరినా ఉలిక్కిపడేది. భర్త పోయాక పుట్టింటివారు రమ్మన్నా పోకుండా, మామగారికి ఇంత వండిపెట్టుకుంటూ, గుడిలో దేవమాత పటం ముందు దీపం వెలిగించే పనిని తన పనిగా చేసుకొని అక్కడే ఉండిపోయింది.

ప్రభువు తిరిగిలేచిన పాస్కా పండుగ వెళ్లిన వారంలో ఒక మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి డోలు చప్పుడు వినవచ్చింది. ఏదో పెళ్లివారి పడవ పోతున్నదని అందరూ అనుకున్నారు. పిల్లలు ఆ దెబ్బకు తగ్గట్టు గంతులు వేశారు. పీతల కూర దించుతున్న శౌరమ్మ మాత్రం కొంతసేపు చెవి ఒగ్గి విని, "పెళ్లి పడవ అయితే ఈపాటికి దాటిపోవాలి కదా మావయ్యా. చప్పుడు ఉన్నచోటే ఉందేంటి?" అన్నది.

అందరూ తిన్నె ఎక్కి చూశారు. మొగ నడుమ ఇసుక మేట మీద పడవ ఒకటి పక్కకు ఒరిగి, అడుగు పగిలి పడి ఉంది. దాని చుట్టూ జనం గుంపుగా నిలబడ్డారు. తెల్లచీర కట్టిన పెళ్లికూతురు వారి మధ్య స్పష్టంగా కనబడుతున్నది. ఎగువన ఉన్న గుడిలో వివాహానికి పోతూ మేటకు తగులుకున్న అవతలి ఒడ్డు క్రైస్తవులు వారు. కేకలు వినబడవు గనుక డోలు కొట్టి పిలుస్తున్నారు. అప్పటికే సముద్రపు పోటు మొదలైంది. చూస్తూండగానే మేట అంచులు నీటిలో కలిసిపోతున్నాయి.

మగవాళ్లు కదలలేదు. "ఆ మొగలోకి పోతే మనమూ తిరిగిరాం" అన్నాడొకడు. రాయప్ప తల వంచుకొని ఇసుకలో కూర్చుండిపోయాడు. శౌరమ్మ తిన్నె దిగి, గట్టు మీది మామగారి పడవకు సిలువ గుర్తు వేసి, భుజం ఆనించి నెట్టసాగింది. పడవ అంగుళం కూడా జరగలేదు. రాయప్ప లేచి వచ్చాడు.

"తెడ్డు పట్టడం కూడా రాదు కదమ్మా నీకు. భయం లేదా?"

"శానా భయంగా ఉంది మావయ్యా. మనోళ్లు పోయిన రోజు నేను ఈ గట్టు మీదే నిలబడి, ఎవరైనా ఎల్లి ఆళ్లని తెస్తే బాగుండునని మొక్కుకున్నాను. ఆ గాలివానలో ఏ పడవా ఎల్లలేకపోయింది. ఇయాల ఆళ్లు మొక్కుకుంటన్నారు. మనం ఉన్నాం కదా."

"ఈ పోటులో దారి తెలీదమ్మా."

"ప్రభువు అలల మీద నడిచొచ్చింది భయపడేవాళ్ల దగ్గరికే కదా మావయ్యా. మన భయం పోయాక ఎల్దామంటే ఎప్పటికి ఎల్తాం? దాన్ని కూడా పడవలో ఏసుకునే ఎల్దాం."

ముందుగా కదిలింది ఆడవాళ్లు. చీర చెంగులు నడుముకు దోపి వచ్చి శౌరమ్మ పక్కన భుజాలు ఆనించారు. పడవ ఇసుక మీద కిర్రుమన్నది. అప్పుడు మగవాళ్లు పరుగున వచ్చారు. రాయప్ప ఒక నిమిషం కోడలి ముఖం చూసి, "అటక మీద చుక్కాని ఉంది, పట్రండి" అన్నాడు.

శౌరమ్మ కూడా ఎక్కింది. మొగలో నురగ తప్ప దారి కనబడలేదు. తెడ్లు వేసేవారు ఎలుగెత్తి మంగళవార్త జపం చెబుతున్నారు. మొగ నడుమ సుడిగుండం దగ్గరికి చేరే వేళకు, ఎగసిపడే ఆ నీటి నడుమ చీర వెడల్పున ఒక నున్నటి చార మేట దాకా పరుచుకొని రాయప్ప కంటబడింది. గాలి తిరిగినందువల్ల అలా జరిగిందని కొందరంటారు. దేవమాత తన కొంగు పరిచిందని రాయప్ప బ్రతికినంత కాలం చెప్పాడు. ఆ చార మీదుగానే పడవ పోయింది, నడుములోతు నీళ్లలో నిలిచిన పెళ్లివారినందరినీ ఎక్కించుకున్నది, ఆ చార మీదుగానే తిరిగివచ్చింది. దారి పొడుగునా డోలువాడు తడిసిన డోలునే వాయిస్తూ వచ్చాడు, ఆపమన్నా ఆపలేదు. భయంతో పెళ్లికూతురు శౌరమ్మను గట్టిగా కరచుకుంటే, "నన్ను పట్టుకుంటే ఏం లాభమమ్మా, నేనే పడవను పట్టుకొని ఉన్నాను" అన్నది ఆమె. ఆ మాటకు పడవంతా నవ్వింది. కొడుకు పోయిన తర్వాత రాయప్ప నవ్వగా చూడటం అదే మొదలని పల్లెవారు చెప్పుకున్నారు.

కబురు అంది మర్నాడు ఎగువ గుడిలో పూజ జరిపే గురువుగారే దిగువకు వచ్చారు. రేవులోనే తాటాకుల పందిరి కింద వివాహం జరిగింది. పెళ్లివారికి పీతల కూర పెట్టి పంపడం మర్యాద కాదని ఆనాడు తెల్లవారుతూనే మగవాళ్లు పడవలన్నీ దింపి మొగ దాటి వేటకు పోయారు. పోయేటప్పుడు ఎవరూ ఆగి ఆలోచించనైనా లేదు. పడవల నిండా చేపలు వచ్చాయి. తరువాత రెండు ఒడ్ల వారూ కలిసి ఆ చోట సున్నపు గోడలతో గుడి కట్టి, ధైర్యమాత అనే పేరుతో దేవమాత స్వరూపాన్ని నిలిపారు. శౌరమ్మ ముసలితనం దాకా బ్రతికింది. నీళ్లంటే ఆమెకు భయం చివరి వరకూ పోలేదు. ఏటేటా ఆ రేవులో జరిగే పండుగనాడు పడవ ఎక్కడం కూడా మానలేదు.

పాస్కా తరువాతి వారంలో ఆ రేవుకు పోయినవారు పోటు మొదలయ్యే వేళ మొగ నీటిలో ఆ నున్నటి చారను నేటికీ చూడవచ్చు. దానిని అమ్మ కొంగు అంటారు. పండుగ పడవను ఆడవాళ్లు ముందు నెట్టాలి, ఆ తరువాతే మగవాళ్లు చెయ్యి వెయ్యాలి. ఆపరేషనుకు పోవలసినవారు, పని కోసం పరాయిదేశం పోయేవారు, తొలికాన్పుకు దిగులుపడే పిల్లలు, అలా ఎందరో వచ్చి పడవ అంచు మీద చెయ్యి పెట్టి, "నాకు భయంగా ఉంది" అని అందరూ వినేలా పైకి చెబుతారు. "అయినా ఎక్కు" అని చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్క గొంతుతో అంటారు. చెప్పినవారు సిగ్గుగా నవ్వుకుంటూ పడవలో కాలు పెడతారు, వెనకవారు కొంచెం జరిగి చోటిస్తారు, డోలు మోగుతుంది.