గాడిద పాటకు నడుమెందుకు లేదు?

ఒకప్పుడు అడవికంతటికీ గాడిదే గాయకుడు. నవ్వకండి. ఈ కథ చెప్పేవాడు గొంతెత్తితే ఇంట్లో పిల్లి కూడా లేచి బయటికి పోతుంది. వాడికంటే గాడిదే నయం.

ఆ గాడిద పేరు గంధర్వయ్య. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. గొంతు మాత్రం నిజంగా తేనే. ఎండలు ముదిరాక ఆయన వానపాట పాడితే మబ్బు దిగొచ్చి కురిసేది. అందుకని అడవిలో ఒక కట్టుబాటు ఉండేది: వానపాట పాడేవాడు బరువు మొయ్యక్కర్లేదు. గడ్డిమోపులూ కట్టెలూ ఎద్దు, దున్నపోతు మోసేవి. గంధర్వయ్య పక్కన ఊరికే నడిచేవాడు.

అయితే పోయినేటి పాటకు మబ్బు దిగదు. ఏటికేడు కొత్తది కావాలి. దాన్ని గాలి నల్లకొండ గుహలో కూర్చుని మూడు రోజులు పాడేది. గుహలోకి ఎవరూ దూరలేరు. కొండ పగుళ్లలోంచి సన్నటి వెదురుగొట్టాలు వేలాడుతుండేవి. గొట్టం కొస చెవిలో పెట్టుకుంటే పాట వినిపించేది.

వెదురు గుచ్చుకోకుండా కొసకి మెత్తటి బుడిపె తొడిగేవారు. పనసపాలు కాచి ఆ బుడిపెలు చేసేది వడ్రంగిపిట్ట చుక్కమ్మ. ఎవరి చెవి కొలత వాళ్లకి.

పోయినేటి వరకూ చుక్కమ్మ గంధర్వయ్య చెవిని చాటుగా కొలిచేది. ఆ ఏడు మాత్రం అందరి ముందూ వరసలో ఆయన వంతు వచ్చింది.

"రా బావా, చెవి ఇటు తిప్పు. కొలుస్తా," అంది చుక్కమ్మ.

గంధర్వయ్య వెనక్కి చూశాడు. వరసలో లేడి, కుందేలు, కోతి, అందరూ ఇటే చూస్తున్నారు.

"కొలత దేనికి? లేడి కొలతది ఒకటి ఇచ్చెయ్," అన్నాడు.

"లేడి కొలతా! నీ చెవిలో నేను కాపురం పెట్టి నలుగురు పిల్లల్ని సాకొచ్చు బావా."

వరసంతా ఘొల్లుమంది.

"బయటికి కనిపించేది డొప్ప," అన్నాడు గంధర్వయ్య మూతి పైకెత్తి. "లోపల రంధ్రం చాలా సున్నితం. సంగీతం తెలిసినవాళ్ల చెవులు అలాగే ఉంటాయి. చెట్లు పొడుచుకునేదానివి, నీకేం తెలుసులే!"

చుక్కమ్మ లేడి కొలతదే ఇచ్చింది.

మొదటి రోజు ఆ బుడిపె ఆయన చెవిలో, బానలో వేసిన గురిగింజలా దొర్లింది. చుట్టూ సందులే. పాటలోని లోతైన మోతంతా ఆ సందుల్లోంచి జారిపోయింది. సన్నటి కీచు ఒక్కటే మిగిలింది. "ఈ… ఈ… ఈ…"

పక్కన దున్నపోతు కళ్లు మూసుకుని తలూపుతున్నాడు. "ఏం మోత బావా! కడుపులోకి దిగుతోంది."

ఏ మోత? గంధర్వయ్య గొట్టాన్ని చెవిలోకి ఇంకాస్త నొక్కాడు. పైకి మాత్రం, "మోత మోటువాళ్లకి నచ్చుతుందిలే. నేను నాజూకు వింటున్నాను. ఆహా! పట్టుపోగుల్లా ఏ స్వరానికి ఆ స్వరం!" అన్నాడు.

సాయంత్రానికి దిగులు పట్టుకుంది. మోత లేని పాటకు మబ్బు దిగదు. మబ్బు దిగకపోతే గడ్డిమోపు తన వీపెక్కుతుంది. చెరువులో జీలుగుబెండు పీకి, నలిపి, గొట్టం మూతి చుట్టూ, మూతి మీదా కుక్కేశాడు.

రెండో రోజు ఆ బెండు చెవిలో ఉబ్బి బిగుసుకుంది. చీమ దూరే సందు లేదు. మోత దద్దరిల్లింది. కానీ సన్నటి స్వరాలన్నీ బెండే తాగేసింది. "ఓ… ఓ… ఓ…"

"మామయ్యా, ఆ చివరి మెలిక విన్నావా? ఎంత ముద్దుగా ఉందో!" అంది లేడిపిల్ల.

ఏ మెలిక? "మెలికలు చిన్నపిల్లలకమ్మా," అన్నాడు గంధర్వయ్య. "గాంభీర్యం చూడు, గాంభీర్యం!"

మూడో రోజు పొద్దున్నే చుక్కమ్మ తనంతట తనే వచ్చింది. "బావా, నీ కొలతకి ఒకటి చేసి తెచ్చాను. ఎవరికీ చెప్పను. పెట్టుకో. పాట ఇవాళే ఆఖరు."

అది వెలక్కాయంత ఉంది. గంధర్వయ్య అటూ ఇటూ చూసి చెవిలో పెట్టుకున్నాడు. సరిగ్గా పట్టింది. ఒక్క క్షణం పాట మొత్తం వినిపించింది. మోతా ఉంది, కీచూ ఉంది, రెంటి నడుమా వెన్నలాంటి రాగం ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెదనాన్నా, చెవిలో అదేంటి, బంతా?" అంది పైకొమ్మ మీంచి కోతి.

గంధర్వయ్య గభాలున పీకేశాడు. "ఇదా? దున్నపోతుది. కింద పడితే తీసిచ్చాను!"

ఇక ఆ రోజంతా ఆయన పాట వినలేదు. బెండు మేలా, పనసజిగురు మేలా అని కోతులకి పాఠం చెప్పాడు. కోతులు నోళ్లు తెరుచుకుని విన్నాయి. ఈలోగా గాలి పాట ముగించి వెళ్లిపోయింది.

మర్నాడు మబ్బు వచ్చి కొండ మీద ఆగింది. ఎండిన నాలుకలతో అడవంతా చేరింది. గంధర్వయ్య మెడ చాచాడు.

"ఈ…" మొదటి రోజుది. "ఓ…" రెండో రోజుది. మధ్యలో ఏముందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మళ్లీ "ఈ…", మళ్లీ "ఓ…".

"ఇదేం పాటయ్యా! తలా ఉంది, తోకా ఉంది. నడుమేదీ?" అని మబ్బు వెనక్కి తిరిగింది.

అప్పుడు బురదలోంచి కప్ప నోరు విప్పింది. కప్ప చెవికి చిల్లు లేదు, బుడిపెతో పని లేదు. మూడు రోజులూ దవడ గొట్టానికి ఆనించి కూర్చుందంతే. గొంతు గరుకే, కానీ పాటలో ఒక్క ముక్కా తగ్గలేదు. మబ్బు ఆగింది. చినుకు పడింది. ఆ తరవాత కుండపోత.

ఎద్దు ముందుకొచ్చింది. తన వీపు మీది గడ్డిమోపు దించి, గంధర్వయ్య వీపు మీద పెట్టి, తాడు బిగించింది.

అప్పటినుంచే వానపాట కప్పలదైంది, మోపు గాడిదదైంది. అప్పటినుంచే గాడిద పాట "ఈ" అని కీచుగా లేచి, "ఓ" అని మోతగా కూలుతుంది, నడుమ ఏమీ ఉండదు. అది విని జనం చెవులు మూసుకుంటే గాడిద జాలిపడుతుంది: పాపం, వీళ్లకి సరైన బుడిపెలు దొరకలేదని.