గోపురం పోసిన కుంచం

ఒకానొక రాజ్యంలో, బిరుదులు చెవిన పడనిదే గడప కూడా దాటని రాజు ఉండేవాడు. పేరు ఉద్దండవర్మ. ఆయన సభకు వస్తుంటే ముందు నడుస్తూ ఆ బిరుదులు చదివేవాడు సింగరభట్టు. పన్నెండేళ్లు చదివి, గొంతు బొంగురుపోగానే కొలువు చాలించుకున్నాడు.

భార్య పోయిన ఆ ఇంట్లో ఇక అతని మాట వినే ప్రాణి పాడిగేదె ఒక్కటే. పాత అలవాటు పోక, అది సాయంత్రం మేత నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎదురువెళ్లి, "క్షీరసాగర ప్రదాయినీ, బహుపరాక్" అనేవాడు. గేదె ఆ మర్యాద మరిగింది. పిలుపు వినిపించేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

ఒకనాడు ధాన్యపు కొఠారు అధికారి గొంకయ్య అతణ్ణి సభకు రప్పించాడు.

"భట్టుగారూ, మీ జీతం నెలకు ఏడు కుంచాల ధాన్యం. కుంచం అంచున కర్ర ఆడించి, సమంగా కొలవాలని శాసనం. మా కొలగాడు పన్నెండేళ్లూ పైన గోపురం పోసి కొలిచాడు. ఆ గోపురాలన్నీ కలిపితే మూడు పుట్లు. ధాన్యమైనా పోయండి, గేదెనైనా తోలండి."

"కొలిచినవాడు మీవాడు, కుంచం మీది. నేను సంచి పట్టానంతే కదా నాయనా?"

"సంచి బరువెక్కినట్టు తెలియలేదా?"

అది తప్పని సింగరభట్టుకు తోచలేదు. మంచాన పడిన భార్యకు గంజి కాచి పోస్తూ గడిపిన రోజులవి. ఆ గోపురాలన్నీ ఆ గంజిలోనే కరిగాయి.

అతడు రాజు వైపు చూశాడు.

"శాసనం శాసనమే, భట్టూ" అన్నాడు రాజు, మీసం దువ్వుకుంటూ.

"చిత్తం. అయితే నన్ను కొలువులో పెట్టుకున్న పత్రం కూడా చదివించండి."

గొంకయ్య చదివాడు: "ప్రభువు సభకు వేంచేయునపుడు ఏడు బిరుదులు పలుకవలెను."

"నేను ఎన్ని పలికేవాణ్ణి ప్రభూ?"

"ముప్పై రెండు" అన్నాడు రాజు తడుముకోకుండా.

"గోపురం పోసిన కుంచం చూసి, ఏలినవారి మనసు ఇది కాబోలనుకున్నాను. బిరుదులకూ గోపురం పోశాను. ఆ ధాన్యం మీకు తిరిగి వస్తే, ఈ ఇరవై అయిదు బిరుదులు నాకు తిరిగి రావాలి."

గొంకయ్య నవ్వాడు. "మాటలే కదా. మూటకట్టుకుపొండి."

"సంతోషం. సభలో ఇచ్చినవి సభలోనే పుచ్చుకుంటాను." సింగరభట్టు గొంతు సవరించుకున్నాడు. "సమరాంగణ సింహా! ప్రభువు నేటినుంచి సింహం కారు. గంభీర గజగమనా! ఇకపై మామూలు నడకే. అభినవ మన్మథా..."

రాజు చేయి మీసం మీదే ఆగిపోయింది. "ఆ ఒక్కటీ ఉండనీవయ్యా."

"ఎలా ప్రభూ? శాసనం శాసనమే కదా."

"తీసుకుపోయి ఏం చేసుకుంటావు?"

"నేనేం చేసుకుంటాను, పోయడానికి ధాన్యం లేదు కనుక గేదెనే తోలుతాను, దాని వెంట ఇవీ పంపుతాను. పిలుపు వినందే అది గుమ్మం దాటదు. రేపటినుంచి రాజవీథిలో గొంకయ్యగారే దాని ముందు నడుస్తూ, 'సమరాంగణ సింహా, అభినవ మన్మథా' అని పిలుచుకోవాలి."

సేనాపతి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. రాజు ఒకసారి గొంకయ్యను చూశాడు, ఆ ఊరేగింపును ఊహించుకున్నాడు. మొదట పొట్ట కదిలింది, ఆపైన కిరీటం జారింది. చివరికి సింహాసనం పట్టుకుని నవ్వాడు.

"గొంకయ్యా, మన కుంచం చేసిన తప్పుకు తిన్నవాడి కంచం లాగకూడదయ్యా. ఆ బాకీ కొట్టివెయ్యి. భట్టు బతికినన్నాళ్లూ నెలకు ఏడు కుంచాలు, గోపురం పోసి, నువ్వే మోసుకెళ్లి ఇచ్చిరా. భట్టూ, నా మన్మథుణ్ణి నాకిచ్చెయ్యి."

సింగరభట్టు ముప్పై రెండు బిరుదులూ మళ్లీ పలికాడు. "పెట్టిన చేయి వెనక్కి తీయని ప్రభూ" అని ముప్పై మూడోది పైన పోశాడు. అంతటితో అతని గొంతు పూర్తిగా మూగబోయింది.

ఆ సాయంత్రం గొంకయ్య నెత్తిన బస్తాతో వచ్చేసరికి గేదె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. తోస్తే కదలలేదు, అదిలిస్తే వినలేదు. లోపల సింగరభట్టు తన గొంతు చూపించి చేతులు తిప్పాడు.

గొంకయ్య అటూ ఇటూ చూశాడు. వీథిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా అన్నాడు:

"అభినవ మన్మథా, బహుపరాక్."

గేదె హుందాగా గుమ్మం దాటింది.