ఎడమ మడమ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేట పిచ్చి, నడిమివాడికి నిద్ర పిచ్చి. చిన్నవాడు జయధ్వజుడికి నాట్యం పిచ్చి. ఆడటం రాదు గానీ తప్పులు పట్టడం బాగా వచ్చు.

అతను మనసిచ్చిన పిల్ల హేమరేఖ. మొదటి కాలంలో ఆమె అడుగుకు వంక లేదు, రెండో కాలంలోనూ లేదు. వేగం పెరిగి మూడో కాలం అందుకుందా, ఎడమ మడమ వెంట్రుకవాసి ఆలస్యంగా నేలను తాకేది.

"ఆ మడమకు నిద్రెక్కువా? మా నడిమి అన్నకిచ్చి పెళ్ళి చేద్దామా?" అనేవాడు జయధ్వజుడు.

"ఇంతమందిలో మీకే కనపడిందా ప్రభూ!" అని ఆమె నవ్వేది. నవ్వేది గానీ, ఆ మాట ముల్లులా దిగబడింది.

పెళ్ళికి ముందు కంకాళుడనే మాంత్రికుడు ఆమెను ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. ఆ రోజే ఆమె రూపంతో ఒక కొయ్యబొమ్మ చేసి ప్రాణం పోశాడు. వాడి ప్రాణం మాత్రం పంజరంలో ఉన్న చిలుకలో ఉంది.

హేమరేఖ ఏడవలేదు. రాజకుమారుడు తప్పక వస్తాడు. వచ్చేసరికి ఆ తప్పు ఉండకూడదనుకుంది. పొద్దు పొడిస్తే గజ్జెలకు మొక్కి కట్టుకునేది. చిలుక జతులు చెప్పేది. మునివేళ్ళ మీద లేవడం, మడమ దింపడం. లేవడం, దింపడం.

"ఆలస్యం," అనేది చిలుక. "మళ్ళీ ఆడమ్మా."

మడమ పగిలింది. ఆకుపసరు కట్టి మళ్ళీ ఆడింది. ఒకనాడు చిలుక, "భేష్! ఇక తప్పు లేదు," అంది. అది విని కంకాళుడు లోలోపల నవ్వుకున్నాడు.

హంస సముద్రాలు దాటించగా, పాము దారి చెప్పగా, ఎలుక కోట గోడకు కన్నం వేయగా జయధ్వజుడు వచ్చాడు.

"నీ పిల్ల ఎవరో గుర్తుపట్టి తీసుకుపో," అన్నాడు కంకాళుడు. హేమరేఖ నోరు మంత్రంతో కట్టేసి, బొమ్మ పక్కన నిలబెట్టాడు.

"గుర్తుపట్టనా? ఆడించు!"

ఇద్దరూ ఆడారు. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. హేమరేఖ అడుగు అద్దంలా ఉంది. అతని మెచ్చుకోలు కోసం తలెత్తింది. అతని కళ్ళు వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతున్న బొమ్మ ఎడమ మడమ మీద ఉన్నాయి. అప్పుడర్థమైంది. కావాలని ఆలస్యం చేయబోయింది. మడమ మాట వినలేదు.

"ఇదిగో నా నిద్రమొహం మడమ!" అని అతను బొమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

ఊళ్ళో పెళ్ళి, పట్టాభిషేకం వైభవంగా జరిగాయి.

దీవిలో నోరు విడిన హేమరేఖ చిలుక మెడ పట్టుకుంది.

"నన్ను చంపితే కంకాళుడు పోతాడు, నీకు విడుదల," అంది చిలుక. "అక్కడ రాణి కొయ్యగా మారుతుంది. నీ రాజు గుండె పగులుతుంది. ఆలోచించుకో అమ్మా."

ఆమె ఆలోచించింది. అతను ఒక్కసారైనా తన ముఖం చూశాడా అని ఆలోచించింది.

ఈసారి చెయ్యి ఆలస్యం చేయలేదు.

జయధ్వజుడు పక్కన కొయ్యరాణిని కూర్చోబెట్టుకుని చాలాకాలం రాజ్యమేలాడు. మళ్ళీ ఎవరి అడుగులోనూ తప్పు పట్టలేదు. కథ కంచికి చేరింది. హేమరేఖ మాత్రం ఆ ఇంటికి చేరలేదు.