నూకాలు సొరబుర్ర

అనగనగా ఒక ఊళ్ళో... ఊరి పేరు అడక్కు చిన్నీ, నేనూ మర్చిపోయాను. ఆ ఊళ్ళో నూకాలు అనే తల్లికి ముగ్గురు కూతుళ్ళు.

పెద్దది పైడి. ముందు దూకుతుంది, ఆ తర్వాత కింద ఏముందో చూస్తుంది. రెండోది సింహాలు. పేరుకే సింహాలు, తూనీగ వచ్చినా తలుపు చాటుకి పోతుంది. మూడోది గౌరి. తన చేతిలో ముద్ద కూడా పక్కింటి పిల్లకి పెట్టేస్తుంది.

ఆ ఊళ్ళో విత్తనాలు బూడిదలో కలిపి, ఎండిన సొరబుర్రలో దాచేవారు. బుర్ర ఎవరి చేతికొస్తే, ఎప్పుడు చల్లాలో వాళ్ళదే మాట. నూకాలుకి చూపు ఆనక, బుర్ర పైడికిచ్చింది.

తొలి చినుకుకే పైడి కొర్రలు చల్లేసింది. వెనకే వానలొచ్చాయి. గాదె నిండింది. "దూకుడే మంచిది," అనుకుంది నూకాలు.

మరుసటేడు పైడి అలాగే చల్లింది. అప్పుడు వాన ముఖం చాటేసింది. మొలకలన్నీ మాడిపోయాయి. "కాదు కాదు, భయమే మంచిది," అనుకుని బుర్ర సింహాలుకిచ్చింది.

చినుకు పడింది. "ఇంకో వాన చూద్దామే అమ్మా," అంది సింహాలు. అదీ పడింది. "ఇంకొక్కటి." అలా అలా అదను దాటిపోయాక చల్లింది. కంకుల్లో గింజే పట్టలేదు.

గాదె అడుగంటింది. బుర్రలో మూడు గుప్పెళ్ళు మిగిలాయి. అవీ పోతే ఇంటిల్లిపాదీ పస్తే. గౌరికిద్దామంటే ఊరంతా పంచేస్తుంది. నూకాలుకి ఏమీ పాలుపోలేదు.

"ఏ బుద్ధి మంచిదో నాకు తెలీడంలేదే," అని తలా ఒక గుప్పెడు చేతిలో పోసింది. "మీ ఇష్టమొచ్చినట్టు ఏడవండి."

ఆ ఏడు పైడి చల్లింది మాడింది. గౌరి తన గుప్పెడు పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. సింహాలు ఆగి ఆగి చల్లింది. అది పండేదాకా పక్కింటివాళ్ళే గంజి పోశారు. ఆ తర్వాత ఇంట్లో కొర్రన్నం ఉడికింది.

"అయితే సింహాలే మంచిదా అమ్మమ్మా?"

"ఆ పై ఏడు సింహాలుది కుళ్ళింది, పైడిది పండింది."

"మరి ఎవరు మంచివాళ్ళు?"

"నూకాలు చచ్చేదాకా అదే అడిగేది. అడుగుతూనే ఏటేటా తలా గుప్పెడు పోసేది. తేల్చేసి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడో ఆరిపోయేది."

"నేనెవరిలాంటిదాన్ని?"

"పొద్దున బెల్లం డబ్బా కోసం అటకెక్కావు. దిగడానికి భయపడి ఏడ్చావు. ఎత్తుకుని దింపితే నా నోట్లోనే ఓ ముక్క పెట్టావు. నాకేం తెలుసే, పడుకో."

పైడి పొలానికి, సింహాలు చాటుకి,
గౌరి గిన్నె పట్టుకుని పక్కింటికి,
కథేమో కంచికి,
మనమేమో నిద్దరింటికి.