పొలిమేర రాతి మీద తెల్ల గేదె

పక్క అడవివాళ్ళు తమ పొలిమేర రాతి మీద బొమ్మ వేయించుకున్నారని తెలిసింది. ఇంకేముంది, కొర్రకోన జంతువులకి అన్నం సయించలేదు. "మనదీ ఒక దేశమే కదా, మనకో బొమ్మ ఉండొద్దా" అని నక్కకి సున్నం, ఎర్రమట్టి ఇచ్చి పనిలో పెట్టారు. పదిరోజులు కూర్చుని అందరినీ గీసింది. అది చూసి మురిసిపోయి, ఆ ఊపులో "ఇందులో ఉన్నవాళ్ళే కొర్రకోనవాళ్ళు" అని తీర్మానం కూడా చేసేసి, రాతి దగ్గర పొట్టేలుని కాపలా పెట్టారు.

పోలమ్మ గేదెకి ఇదంతా పట్టలేదు. దూడని పొదలో పడుకోబెట్టి, పొలిమేర అవతల ఏట్లో నీళ్ళు తాగి వచ్చేసరికి పొట్టేలు కొమ్ములు అడ్డం పెట్టింది.

"ఎవరు నువ్వు?"

"అదేంట్రా, నిన్నటిదాకా పిన్నీ పిన్నీ అని వెనకాలే తిరిగావు."

"అది నిన్న. బొమ్మలో గేదె తెల్లగా, నాజూగ్గా ఉంది. నువ్వెట్లా ఉన్నావో చూసుకో."

పోలమ్మ తలెత్తి చూసింది. నిజమే, రాతి మీద మల్లెపువ్వులాంటి గేదె ఒకటి నవ్వుతోంది. లోపల దూడ అరుస్తోంది. పొదుగు సలుపుతోంది.

లోపలి బండ మీద నక్క కూర్చునుంది. "ఏం తమ్ముడూ, నన్నిట్లా గీశావేం?"

"నలుపు అంత హుందాగా ఉండదక్కా. దేశం పరువు చూసుకోవాలి కదా. ఒంటికి కాస్త సున్నం పూసుకుని రా."

"పూసుకుంటే నా దూడ నన్ను గుర్తుపడుతుందా?"

నక్క పళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది. పోలమ్మకి ఒళ్ళు మండింది గాని, గొంతు మెత్తగా చేసుకుంది.

"పోనీలే. నీ బొమ్మ మాత్రం ఎంత బావుందో. ఆ జూలు ఈ ఎండలో ధగధగలాడుతోంది. నువ్వు దగ్గర కూర్చుని గీశావు గాని, దూరం నుంచి చూసుకోనే లేదు పాపం."

అవును మరి, నక్క తనకి సింహం జూలు పెట్టుకుంది. ఒక్క గెంతులో బయటికొచ్చి, పది అడుగులు వెనక్కి వెళ్ళి, తనివితీరా చూసుకుని మళ్ళీ లోపలికి బయల్దేరింది.

కొమ్ములు అడ్డం పడ్డాయి. "ఎవరు నువ్వు?"

"గీసిందే నేను కదరా."

"బొమ్మలో నక్కకి జూలుంది. నీకేదీ? పైగా చెవి చిరిగింది."

"అందానికి కలిపానురా."

"అదంతా నాకు తెలీదు. బొమ్మకీ నీకూ పోలిక కుదరాలి."

నక్క బతిమాలింది, బెదిరించింది, కాళ్ళు పట్టుకుంది. పొట్టేలు కదిలితే ఒట్టు. పోలమ్మ కాలిన మోడు దగ్గర్నుంచి బొగ్గుముక్క తెచ్చి నక్క ముందు పడేసింది.

"చెరిపి గీసుకో తమ్ముడూ. ముందు నాది. దూడ ఆకలితో ఉంది."

నక్క ఏడుస్తూనే గేదెకి నలుపు పులిమింది, పొట్ట పెంచింది. పొట్టేలు బొమ్మనీ పోలమ్మనీ మార్చి మార్చి చూసి పక్కకి జరిగింది. "అయ్యో, నువ్వా పిన్నీ. రా రా."

పోలమ్మ ఆగకముందే దూడ పొదుగుని పట్టేసింది. బయట నక్క తన జూలుని తనే గోళ్ళతో గీకుతుంటే, పొట్టేలు వెనక నిలబడి చెబుతోంది: "బొమ్మలో చెవి ఇంకాస్త చిరగాలి."

మనవాళ్ళని చూసి బొమ్మ గీసుకోవాలి గాని, బొమ్మని చూసి మనవాళ్ళని ఏరుకోకూడదు.