గోచీలో పిస్తోలు

జమీందారు జగ్గరాజుకి పిస్తోలు పైకి కనబడకుండా నడుముకి కట్టుకునే తోలు ఒర కావాల్సొచ్చింది. చెప్పులు కుట్టే పోలమ్మని పిలిపించాడు. ఆమె కొడుకుని కాల్చింది ఆ పిస్తోలే. వాడు మొలలో పిస్తోలు దాచుకుని తన మీదికొచ్చాడని చెప్పి రాజు కేసులోంచి బయటపడ్డాడు. ఆ తీర్పు చెప్పిన మునసబు ఇప్పుడు విందుకొచ్చి పక్కనే కూర్చున్నాడు.

పోలమ్మ కళ్లు తుడుచుకుని కొలతాడు తీసింది.

"ఒర కోటు కిందికా దొరా, అంగీ కిందికా? వట్టి గోచీలోకైతే చిన్నది కుడతాను."

రాజు పగలబడి నవ్వాడు. మునసబూ నవ్వాడు.

"గోచీలో ఇంత పిస్తోలు ఎక్కడ దాగుతుందే, పిచ్చిదానా!"

"మరి ఆ రోజు పొలంలోంచి వచ్చిన నా కొడుకు ఒంటి మీద గోచీ తప్ప ఏముంది, దొరా? వాడికి నిండుగుడ్డ కప్పింది చచ్చాకే."

మునసబు నవ్వు ఆగిపోయింది.